షుగర్ హౌస్‌కి వెళ్లేసరికి పొయ్యి వెలిగి ఉండాలంటే ఏ రోజు వెళ్లాలి?

ఎడిసన్_శీను
పోయిన శనివారం అమ్మానాన్నల్ని ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి నాలుగు గంటలు నడిపి దక్షిణ వెర్మాంట్‌లో ఓ షుగర్ హౌస్‌కి (మేపుల్ చెట్ల నీళ్లు కాచి సిరప్ చేసే చోటు) వెళ్లాం. సీజన్ మొదలైందని వెబ్‌సైట్‌లో పెద్దక్షరాల్లో ఉంది. తీరా వెళ్తే పొయ్యి చల్లగా ఉంది, పెనాల మీద మూతలున్నాయి, కొట్టు మాత్రం తెరిచారు. మళ్లీ ఎప్పుడు కాస్తారంటే "చెట్లు ఎప్పుడిస్తే అప్పుడు" అన్నారు. నాన్నగారి తిరుగు టికెట్ ఏప్రిల్ 10న. ఈలోగా ఒక్కసారైనా మరుగుతున్న మేపుల్ పెనం చూపించాలి. ఏ రోజు, ఏ టైముకి వెళ్తే చూడొచ్చు? ఇద్దరూ శాకాహారులు. అమ్మకి మోకాళ్ల నొప్పి. ఆరేళ్ల పాప కూడా వస్తుంది.

వెర్మాంట్_వెంకట్
సీజన్ మొదలవడం వేరు, ఆ రోజు కాచడం వేరు. సీజన్ నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది కానీ అందులో చెట్లు బాగా కారే రోజులు కొన్నే.

రాత్రి 25 ఫారెన్‌హీట్ దగ్గరికి దిగాలి, పగలు 40 దాటాలి. రెండూ కావాలి. రాత్రి గడ్డకట్టేటప్పుడు కలపలో ఉన్న గాలి ముడుచుకుపోయి వేళ్ల నుంచి నీళ్లని పైకి లాగుతుంది. పగలు కరిగేసరికి అదే గాలి వ్యాకోచించి నీళ్లని బయటికి నెడుతుంది, చెట్టుకి ట్యాప్ (చిన్న గొట్టం) పెట్టిన చిల్లులోంచి సాప్, అంటే ఆ చెట్టు నీళ్లు, కారుతుంది. రాత్రిళ్లు కూడా 40 లోనే ఉంటే చెట్టు మళ్లీ నీళ్లు తోడుకోదు, ఒకటి రెండు రోజుల్లో కారడం ఆగుతుంది. పగలంతా 28 లో ఉంటే అసలు కరగదు. మీరు వెళ్లిన శనివారం ఈ రెండింట్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఇక టైము. సాప్‌ని పచ్చిపాలలా చూసుకోవాలి, నిలవ పెడితే పాడవుతుంది. అందుకే కారిన రోజో, మర్నాడో కాచేస్తారు. పొద్దున పదికి చెట్లు కరగడం మొదలైతే ట్యాంకు నిండేసరికి మధ్యాహ్నం దాటుతుంది. చాలా చోట్ల పొయ్యి రెండు మూడింటికి వెలిగించి రాత్రి దాకా కాస్తారు. పొద్దున పదిన్నరకి వెళ్లి పొయ్యి చల్లగా ఉందని వెనక్కి వచ్చేసేవాళ్లు ఎక్కువ. మధ్యాహ్నం 3 నుంచి 6 మధ్యలో వెళ్లండి.

ఫోన్‌లో "ఇవాళ తెరిచే ఉన్నారా?" అని అడగొద్దు. కొట్టు తెరిచే ఉంటుంది కాబట్టి అవుననే అంటారు. "ఇవాళ కాస్తున్నారా? ఎన్ని గంటలకి వెలిగిస్తారు?" అని అడగండి.

మంచు_ముత్యం
అంటే ముందురోజు రాత్రి ఒక్కటీ చూసుకుంటే చాలా?

వెర్మాంట్_వెంకట్
చాలదు, మూడు రోజులు చూడాలి. వారం పాటు గడ్డకట్టే చలి ఉండి, మొదటిసారి 42 వచ్చిన రోజు చెట్టు పూర్తిగా కరగదు. లావు మానులకి ఇంకా టైము పడుతుంది. రెండో రోజు, మూడో రోజు జోరుగా కారుతుంది. ఉత్తరం వైపు వాలులో ఉన్న తోటలు ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగుస్తాయి.

నాషువా_నాగ
శీను గారూ, ఇంత లెక్క పెట్టుకోలేను అనుకుంటే ఓపెన్ హౌస్ వారాంతాలు (షుగర్ హౌస్‌లన్నీ జనాన్ని లోపలికి రానిచ్చే రోజులు) చూసుకోండి. న్యూయార్క్ మేపుల్ వీకెండ్, వెర్మాంట్ ఓపెన్ హౌస్ వీకెండ్ రెండూ మార్చి రెండో సగంలో వస్తాయి. మెయిన్ రాష్ట్రంలో మార్చి నాలుగో ఆదివారం మేపుల్ సండే, 1983 నుంచి ఏటా చేస్తున్నారు. ఆ రోజుల్లో సాప్ కొంచెం దాచి పెట్టుకునైనా కాస్తారు.

వెర్మాంట్_వెంకట్
నాగ గారితో సగమే ఒప్పుకుంటా. దాచిన సాప్ లేకపోతే కొన్నిచోట్ల పెనంలో నీళ్లు పోసి ఆవిరి చూపిస్తారు. పాపకి ఆనందమే, కానీ శీను గారి నాన్నగారు చూడాలనుకునేది అది కాదు. పైగా జనం. పెనం దగ్గర నిలబడి మనిషితో మాట్లాడాలంటే ఓపెన్ హౌస్ కాని రోజు, అందులోనూ వారం మధ్యలో మధ్యాహ్నం మేలు.

నాషువా_నాగ
వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే మంచిదే. కానీ ఓపెన్ హౌస్ రోజు ఒకే దారిలో మూడు నాలుగు షుగర్ హౌస్‌లు తెరిచి ఉంటాయి. ఒకచోట కట్టెల పొయ్యి, ఒకచోట నూనె పొయ్యి, ఇంకోచోట బకెట్లు చూడొచ్చు. ఒక్కదాన్నే నమ్ముకుని నాలుగు గంటలు నడపడం కంటే అది నయం.

అనకాపల్లి_బెల్లం
శీను గారి నాన్నగారికి బెల్లం పెనాలు తెలిసే ఉంటాయి కదా, ఆ లెక్కలో చెప్పండి, ఇట్టే పట్టేస్తారు. చెరకు రసంలో తీపి 16 నుంచి 20 శాతం. ఈ మేపుల్ సాప్‌లో ఎంత?

సిరప్_సుబ్బారావు
సగటున 2 శాతం. నోట్లో పోసుకుంటే మంచినీళ్లే, మింగాక లీలగా తీపి. ఇక్కడ పాత సూత్రం ఒకటుంది: 86ని తీపి శాతంతో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల సాప్ కావాలో వస్తుంది. 2 శాతం ఉంటే 43. 3 శాతం ఉన్న చెట్టైతే 29 చాలు. సీజన్ చివర్లో 1.5కి పడిపోతే 57 పడుతుంది. మిగతాదంతా ఆవిరి కావాల్సిందే. షుగర్ హౌస్ కప్పు మధ్యలో పొడవునా తెరుచుకునే తలుపులుంటాయి, అవి ఈ ఆవిరి కోసమే. దూరం నుంచి ఆ కప్పు మీద తెల్లటి ఆవిరి లేస్తూ కనిపిస్తే కాస్తున్నట్టు. పొగగొట్టంలోంచి వచ్చే పొగని చూసి మోసపోవద్దు, అది లోపల చలికి వేసుకున్న చిన్న స్టవ్‌ది కూడా కావచ్చు.

అనకాపల్లి_బెల్లం
43 గ్యాలన్లు కాచి ఒక్కటా! మన దగ్గర పది కిలోల రసం కాస్తే కిలో బెల్లం చేతికొస్తుంది. ఆ సీసా ధర ఎందుకంతో ఇప్పుడు తెలిసింది.

ఎడిసన్_శీను
సుబ్బారావు గారూ, లోపలికి వెళ్లాక ఏం చూడాలో వరసగా చెప్తారా? పోయినసారి చల్లటి పెనాలు చూశాం కానీ ఏది ఎందుకో అర్థం కాలేదు.

సిరప్_సుబ్బారావు
వెనక నుంచి ముందుకి చూసుకుంటూ రండి, సాప్ నడిచే దారి అదే.

పైన ఎత్తులో సాప్ ట్యాంకు. అక్కడి నుంచి గొట్టం వెనక పెనంలోకి దిగుతుంది. గొట్టం చివర ఫ్లోట్ ఉంటుంది, మన ఓవర్‌హెడ్ ట్యాంకులో బంతి లాంటిదే. ఎంత ఆవిరైతే అంత కొత్త సాప్ వదులుతుంది. వెనక పెనం అడుగు చదునుగా ఉండదు, లోతైన మడతలుంటాయి. మంట ఆ మడతల మధ్యలోంచి పోతుంది కాబట్టి వేడి తగిలే చోటు చాలా రెట్లు పెరుగుతుంది. జోరుగా తెర్లేది అక్కడే, తెల్లటి నురగతో.

అక్కడ కాస్త చిక్కబడింది ముందు పెనంలోకి వస్తుంది. దీని అడుగు చదును, మధ్యలో అడ్డుగోడలు. సాప్ ఆ గోడల మధ్య వంకరటింకరగా నడుస్తూ ఒక్కో గదిలో ఒక్కో రంగు తేలుతుంది. మొదటి గదిలో లేత గడ్డి రంగు, చివరి గదిలో తేనె రంగు. నాన్నగారిని ఆ చివరి గది పక్కన నిలబెట్టండి. బుడగలు కూడా మారతాయి. వెనకవి పెద్దవి, పలచన. చివరివి చిన్నవి, బరువుగా లేస్తాయి.

ఆ గదికి థర్మామీటర్, పక్కన కుళాయి ఉంటాయి. నీళ్లు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన సిరప్ అవుతుంది. సముద్రమట్టం దగ్గర అంటే 219. కానీ నీళ్లు మరిగే వేడి ఎత్తుని బట్టీ, ఆ రోజు గాలి ఒత్తిడిని బట్టీ మారుతుంది. అందుకని జాగ్రత్త గలవాళ్లు రోజూ నీళ్లు మరిగించి చూసుకుని థర్మామీటర్ సరిచేసుకుంటారు. తర్వాత గరిటె ముంచి ఎత్తి పక్కకి వంచుతారు. బొట్లుబొట్లుగా రాలితే ఇంకా కాలేదు. గరిటె అంచున తెరలా వేలాడి ఒక్కసారిగా తెగితే అయింది. చివరికి పొడవాటి కప్పులో పోసి హైడ్రోమీటర్ (చిక్కదనం కొలిచే తేలే గొట్టం) వదులుతారు. దాని మీద రెండు ఎర్ర గీతలు, వేడి సిరప్‌కి ఒకటి, చల్లారినదానికి ఒకటి. 211 డిగ్రీల దగ్గర 59 బ్రిక్స్ (తీపి శాతం లెక్క) చూపించాలి, అదే 60 డిగ్రీలకి చల్లారితే 66. వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ నియమం ఇంకాస్త ఎక్కువ, 66.9. తగ్గితే సిరప్ పులుస్తుంది, బూజు పడుతుంది. బాగా ఎక్కువైతే సీసా అడుగున కలకండ కడుతుంది.

కుళాయి తిప్పాక ఫిల్టర్ ప్రెస్. సాప్‌లో ఉన్న ఖనిజాలు చిక్కబడేకొద్దీ సన్నటి ఇసుకలా విడిపోతాయి, షుగర్ శాండ్ అంటారు. తీయకపోతే సిరప్ మసకగా ఉండి నాలుకకి గరగరమంటుంది. వడకట్టాక 180 డిగ్రీలకి పైన ఉండగానే సీసాల్లో నింపి, మూత బిగించి ఒకసారి పక్కకి పడుకోబెడతారు. ఆ వేడికి మూత కూడా శుద్ధి అవుతుంది.

అనకాపల్లి_బెల్లం
219 అంటే మన లెక్కలో తీగ పాకం కూడా కాదు. వేళ్ల మధ్య జిగురు తగిలే లేత పాకం, అంతే కదా?

సిరప్_సుబ్బారావు
అంతే. తీగ పాకం 230 దగ్గర మొదలవుతుంది. ఇందులో మూడో వంతు నీళ్లే. గ్యాలన్ సిరప్ 11 పౌండ్లు తూగుతుంది.

కట్టెల_కామేశం
కట్టెల పొయ్యి ఉన్నచోటికే వెళ్లమని శీను గారికి నా సలహా. ప్రతి ఏడెనిమిది నిమిషాలకి ఒకసారి తలుపు తెరిచి కట్టెలు వేస్తారు. మణికట్టు లావుకి చీల్చిన ఎండు కట్టెలు, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, మధ్యలో గాలి ఆడేలా. తలుపు తెరిచినంతసేపూ చల్లగాలి దూరి మరుగు తగ్గుతుంది, అందుకే చకచకా వేసి మూసేస్తారు. పచ్చికట్టెలు వేస్తే ఆవిరి కావాల్సిన వేడి కట్టెలో తడి ఆరడానికే పోతుంది. ఎవాపరేటర్, అంటే ఈ పొయ్యీ పెనాలూ కలిపిన సెట్టు, 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవుంటే గంటకి 75 నుంచి 100 గ్యాలన్ల నీళ్లు లేపుతుంది. అంటే గంటకి రెండు గ్యాలన్ల సిరప్, అటూ ఇటూగా.

ఆర్‌ఓ (కాచకముందే సాప్‌లోంచి నీళ్లు తీసే రివర్స్ ఆస్మోసిస్ యంత్రం) వాడేవాళ్ల దగ్గర ఇదేమీ ఉండదు. అరగంటలో అయిపోతుంది, రుచీ ఉండదు.

సిరప్_సుబ్బారావు
కామేశం గారూ, చివరి మాట తప్పు. రివర్స్ ఆస్మోసిస్ తీసేది నీళ్లనే. 2 శాతం సాప్‌ని 8కి తెస్తే నాలుగింట మూడు వంతుల నీళ్లు పొయ్యి ఎక్కకముందే పోతాయి. 43 గ్యాలన్లకి బదులు 11 కంటే తక్కువ కాస్తే చాలు. కట్టెలూ అంతే మిగులుతాయి. మేపుల్ రుచీ రంగూ సాప్‌లో ఉండవు, పెనం మీద మరిగేటప్పుడు పుడతాయి. ఆ చివరి మరుగు ఆర్‌ఓ ఉన్నచోటా ఉంటుంది.

కట్టెల_కామేశం
మరి 20 శాతం దాకా చిక్కబరిచి తెచ్చేవాళ్ల సంగతో? పెనం మీద ఉండే టైము తగ్గితే రుచి తగ్గదా?

సిరప్_సుబ్బారావు
అంత చిక్కబరిస్తే మరిగే టైము తగ్గేమాట నిజం, దాని మీద కాచేవాళ్లలోనే వాదన ఉంది. నేనన్నది 8, 10 శాతం దాకా. చూడ్డానికి వెళ్లేవాళ్లకి కట్టెల పొయ్యి బాగుంటుందన్న మీ మాటకి నా ఓటు కూడా. కాకపోతే ఆర్‌ఓ ఉన్నచోట మూడింటికి వెళ్తే ఐదింటికే కాచడం అయిపోయి ఉండొచ్చు. అందుకే ఎప్పుడు వెలిగిస్తారని అడిగినప్పుడే ఎప్పటిదాకా అని కూడా అడగాలి.

మంచు_ముత్యం
అనకాపల్లి గారూ, బెల్లం పెనం పొంగితే బెండ జిగురు వేస్తారు కదా. వీళ్లు పొంగు ఎలా అణుస్తారు?

అనకాపల్లి_బెల్లం
బెండ జిగురు మడ్డి పైకి తేలడానికండీ. పొంగుకి ఓ చుక్క నూనె. వీళ్లదీ అదే అనుకుంటున్నా.

సిరప్_సుబ్బారావు
అదే. చుక్క వెన్నో, పొద్దుతిరుగుడు నూనో. పొంగు టక్కున కూర్చుంటుంది. ఎక్కువ వేస్తే సిరప్‌కి నూనె వాసన పడుతుంది. శీను గారు శాకాహారులన్నారు కాబట్టి ఒక మాట: పాతకాలంలో పెనం మీద పంది కొవ్వు ముక్క దారానికి కట్టి వేలాడదీసేవాళ్లు, పొంగు దాన్ని తాకగానే దిగిపోయేది. ఇప్పుడు అరుదు, అయినా అడగండి. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లయితే ఆర్గానిక్ నూనే వాడాలి. పొంగు అణచడానికి ఏం వేస్తున్నారని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, వెంటనే డబ్బా చూపిస్తారు.

ఎడిసన్_శీను
ఇది అడగాలని నాకు తట్టేది కాదు, థాంక్సండీ. తిండి మాటేంటి? అక్కడే భోజనం పెడతారని విన్నా.

మాంట్రియల్_మాధవి
క్యుబెక్ షుగర్ షాక్ (ఇక్కడి షుగర్ హౌస్) భోజనం గురించి అయితే అమ్మానాన్నల్ని ముందే సిద్ధం చేయండి. బల్ల మీదకి వరసగా వచ్చేవి: బఠాణీ సూప్, అందులో హ్యామ్. కాచిన బీన్స్, అందులో ఉప్పు పంది మాంసం. హ్యామ్. కరకరలాడే పంది చర్మం వేపుడు. ఆమ్లెట్. పాన్‌కేక్. చూడ్డానికి శాకాహారంలా కనిపించే బీన్స్, సూప్ దగ్గరే పొరబాటు జరుగుతుంది. బుక్ చేసేటప్పుడే శాకాహార పళ్లెం ఉందా అని అడగండి, ఇప్పుడు చాలా చోట్ల విడిగా చేస్తున్నారు. వారాంతాలకి ముందే బుక్ చేయకపోతే సీటు దొరకదు.

ఇంకోటి, న్యూజెర్సీ నుంచి ఇటు వద్దామనుకుంటే వీసా చూసుకోండి. అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు. మార్చిలో అప్లై చేసి మార్చిలోనే రావడం మాత్రం నమ్ముకోవద్దు.

నాషువా_నాగ
అమెరికా వైపు మామూలుగా పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ ఉంటుంది. పాన్‌కేక్‌లో గుడ్డు ఉంటుంది, అదే పెనం మీద బేకన్ కూడా వేస్తారు. డోనట్లు కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, అడగాలి. పెద్దవాళ్లకి పులిహోర డబ్బా కట్టుకెళ్లడం మేలు. అక్కడ భయం లేకుండా తినదగ్గవి: మేపుల్ క్యాండీ, మేపుల్ పీచు మిఠాయి, వెర్మాంట్‌లో క్రీమీ అనే మెత్తటి ఐస్‌క్రీమ్, మంచు మీద పాకం. మేపుల్ క్రీమ్ అని డబ్బాలో అమ్ముతారు, పేరే క్రీమ్, అందులో పాలు ఉండవు. సిరప్‌ని ముదర కాచి చల్లార్చి చిలికినదే.

మంచు_ముత్యం
మంచు మీద పాకంతో పాటు దోసకాయ ఊరగాయ ఇస్తారు ఎందుకు? ఫొటోల్లో చూసి పొరపాటున పెట్టారేమో అనుకున్నా.

వెర్మాంట్_వెంకట్
పొరపాటు కాదు, వెర్మాంట్ పద్ధతే అది. పాకం, పక్కన చప్పటి డోనట్, ఓ పుల్లటి ఊరగాయ ముక్క. రెండు చుట్లు తినేసరికి తీపి మొహం మొత్తుతుంది, పులుపు కొరికితే మళ్లీ తినబుద్ధేస్తుంది. మాగాయ ముక్క కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మాంట్రియల్_మాధవి
మా దగ్గర ఊరగాయ ఉండదు. మంచు మీద పోసి పుల్లకి చుట్టి ఇస్తారు, తీర్ అంటారు. పాపకి అదే చెప్పండి. నోట్లో పెట్టుకునే ముందు రెండు క్షణాలు ఆగమనండి, పైన చల్లబడినా లోపల వేడి ఉంటుంది.

అనకాపల్లి_బెల్లం
దీనికి ఏ పాకం?

మాంట్రియల్_మాధవి
234, 235 ఫారెన్‌హీట్. మన లెక్కలో లేత ఉండ పాకం. ఇంట్లో చేయాలంటే కప్పు సిరప్‌కి దాని నాలుగింతలు పట్టే గిన్నె తీసుకోండి, విపరీతంగా పొంగుతుంది. చుక్క వెన్న వేసి కలపకుండా కాచండి, కలిపితే రవ్వ కడుతుంది. శుభ్రమైన మంచు ట్రేలో గట్టిగా అదిమి పెట్టి కొంచెం పోసి చూడండి. మంచులోకి ఇంకిపోతే ఇంకా కాలేదు. పైనే నిలబడి సాగితే అయింది. గాజు ముక్కలా పగిలితే ముదిరింది, రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ కాచుకోవచ్చు.

టొరంటో_తులసి
శీను గారికి కుదరకపోయినా ఈ వైపు వాళ్ల కోసం రాస్తున్నా. పిల్లలకి అర్థమయ్యేలా చూపించాలంటే సొంత షుగర్ హౌస్‌ల కంటే పార్కులే మేలు: వాన్ (Vaughan) ఊళ్లో కోర్ట్‌రైట్ సెంటర్, ఓక్‌విల్‌లో బ్రాంటే క్రీక్ ప్రొవిన్షియల్ పార్క్, మిల్టన్ దగ్గర మౌంట్స్‌బర్గ్. మార్చి బ్రేక్ సెలవుల్లో రోజూ ప్రదర్శన ఉంటుంది, సాప్ కారినా కారకపోయినా. క్రాఫర్డ్ లేక్ దగ్గరైతే 15వ శతాబ్దపు ఊరి ఆనవాళ్ల మీద మళ్లీ కట్టిన లాంగ్‌హౌస్‌లు (ఆదివాసుల పొడవాటి ఇళ్లు) ఉన్నాయి. ఈ సిరప్ తెల్లవాళ్లు కనిపెట్టింది కాదు. అబెనాకి, అనిషినాబె, హౌడెనోషౌనీ ఆదివాసులు అంతకుముందే చెట్టు నీళ్లు కాచి చక్కెర చేసేవాళ్లు. ఆ సంగతి పిల్లలకి చెప్పకుండా ఎవాపరేటర్ మాత్రం చూపిస్తే సగం చూపించినట్టే. ఎల్మైరా పండగ కూడా ఉంది, 1965లో మొదలైంది. ఊళ్లోకి కారు పోదు, బయట ఆపి బస్సు ఎక్కాలి.

వెర్మాంట్_వెంకట్
తులసి గారు చెప్పిన ఆదివాసుల విషయం నేనే ముందు రాయాల్సింది, వదిలేశా.

ఎడిసన్_శీను
న్యూజెర్సీలో ఇలాంటి పార్కు ఏదీ లేదా? నాలుగు గంటలు అమ్మ మోకాళ్లకి కష్టం.

నాషువా_నాగ
మెర్సర్ కౌంటీలో హోవెల్ లివింగ్ హిస్టరీ ఫామ్ ఉంది, మీకు గంట లోపే. కానీ అక్కడ కాచేది ఫిబ్రవరిలో. దక్షిణానికి వెళ్లేకొద్దీ సీజన్ ముందు వస్తుంది, ముందే పోతుంది. మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక సాప్‌కి ఒక వెగటు రుచి వస్తుంది, బడ్డీ అంటారు. ఆ సిరప్ బల్ల మీదకి పనికిరాదు. ఇప్పుడు మీ దగ్గర ఆ దశ వచ్చేసి ఉంటుంది. మార్చి మూడు, నాలుగు వారాలకైతే న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్‌కిల్స్ కొండలు చూడండి, మీకు రెండున్నర, మూడు గంటలు. ఎత్తు వల్ల చలి ఇంకా నిలిచి ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారానికి జారితే ఉత్తర వెర్మాంటే గతి.

వెర్మాంట్_వెంకట్
ఉత్తరానికి వస్తే మట్టి రోడ్ల సంగతి చూసుకోండి. ఇక్కడ దీన్ని మడ్ సీజన్ అంటారు. పైన మంచు కరిగి, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉండటంతో నీళ్లు ఇంకవు, రోడ్డు పెసరపిండిలా అవుతుంది. పొద్దున గట్టిగా ఉన్న రోడ్డే మధ్యాహ్నం కారు ఇరుసు దాకా దిగుతుంది. జీపీఎస్ దగ్గరి దారి అని క్లాస్ 4 రోడ్డులోకి తిప్పితే వెళ్లొద్దు, ఆ రోడ్లని టౌన్ వాళ్లు బాగు చేయరు. తారు రోడ్డు పక్కనే ఉన్న షుగర్ హౌస్ ఎంచుకోండి, ఫోన్ చేసినప్పుడే దారి ఎలా ఉందో అడగండి. అందరికీ రబ్బరు బూట్లు. అమ్మగారికి చేతికర్ర, లోపల కూర్చోవడానికి చిన్న మడత కుర్చీ.

పాప విషయంలో రెండు మాటలు. పెనం అంచు సరిగ్గా ఆమె మొహం ఎత్తులో ఉంటుంది, ఆవిరి కాలుస్తుంది. ఎత్తుకునే చూపించండి. నేల ఆవిరికి తడిసి జారుతుంది. తోటలోకి వెళ్తే నీలం ట్యూబుల్ని లాగనివ్వొద్దు. వాటిలో వాక్యూమ్ ఉంటుంది, ఎక్కడ చిన్న సందు పడినా గాలి పీల్చుకుని ఆ గొట్టం మీదున్న చెట్లన్నిటి రాబడీ తగ్గుతుంది. ఉడతలు కొరికిన సందులు వెతకడానికే వాళ్లు రోజూ గంటల తరబడి మంచులో నడుస్తారు.

కట్టెల_కామేశం
ట్యూబులు చూడ్డానికి ఏముంది? బకెట్లున్న చోటికి వెళ్తే మూత ఎత్తి బొట్టుబొట్టు పడటం చూడొచ్చు, చప్పుడు వినొచ్చు.

సిరప్_సుబ్బారావు
చూడ్డానికి బకెట్లే. అది నిజం. రాబడికి మాత్రం ట్యూబులు. బకెట్‌తో సీజన్ మొత్తానికి ఒక ట్యాప్‌కి పది గ్యాలన్ల సాప్, అంటే క్వార్ట్ (పావు గ్యాలన్) సిరప్. మంచి వాక్యూమ్ ఉంటే దానికి రెట్టింపు, అర గ్యాలన్ దాకా. చాలా చోట్ల రోడ్డు పక్క పది చెట్లకి బకెట్లు వేలాడదీసి వెనక కొండంతా ట్యూబులు వేస్తారు, రెండూ చూడొచ్చు. పాపకి చెట్టు దగ్గర చూపించాల్సింది ఇంకోటి ఉంది: పాత చిల్లుల మచ్చలు. 5/16 అంగుళం చిల్లు, అంగుళంన్నర నుంచి రెండంగుళాల లోతు. ఏటా పక్కకి జరిపి వేస్తారు, ఎందుకంటే పాత చిల్లు పైనా కిందా కలప చచ్చిపోయి గోధుమరంగు పడుతుంది, అక్కడ మళ్లీ వేస్తే చుక్క రాదు. మాను అడ్డుకొలత పది పన్నెండు అంగుళాలు లేని చెట్టు జోలికి పోరు.

ఎడిసన్_శీను
కొనేటప్పుడు ఏది కొనాలి? అమ్మ ఇండియాకి పట్టుకెళ్తానంటోంది.

నాషువా_నాగ
2015 నుంచి అమెరికాలో బల్ల మీద వాడేవన్నీ గ్రేడ్ ఏ నే, రంగుని బట్టి నాలుగు: గోల్డెన్, యాంబర్, డార్క్, వెరీ డార్క్. ముదురు రంగంటే నాసిరకం అనుకోవద్దు. సీజన్ మొదట్లో గోల్డెన్ వస్తుంది. వేడి పెరిగేకొద్దీ సాప్‌లో సూక్ష్మజీవులు చక్కెరని విడగొడతాయి, అది పెనం మీద ఎక్కువ ముదురుతుంది. నాలుగూ వరసగా రుచి చూపించమని అడగండి, లేతదానితో మొదలుపెట్టండి.

నా ఓటు మనవాళ్లకి వెరీ డార్క్. బెల్లం నాలుకకి గోల్డెన్ చప్పగా తోస్తుంది.

టొరంటో_తులసి
దోసె మీదకి, పెరుగులోకి యాంబర్ చాలు. వెరీ డార్క్ వంటకి. ఉగాది చాలా ఏళ్లు సరిగ్గా ఈ సీజన్‌లోనే పడుతుంది, పచ్చడిలో కొత్త బెల్లం బదులు డార్క్ వేస్తే చింతపండు పులుపుకి గట్టిగా నిలబడుతుంది. నీళ్లు తగ్గించి కలపాలి, ఇది ద్రవం కదా.

అనకాపల్లి_బెల్లం
ఉగాది పచ్చడికి బెల్లమే అండీ. దీన్ని దోసె మీద ఒప్పుకుంటా.

మాంట్రియల్_మాధవి
ఇండియాకైతే క్యుబెక్ 540 మిల్లీలీటర్ల డబ్బాలు మంచివి, సీలు వేసిన రేకు డబ్బా కాబట్టి కారదు, పగలదు. అమెరికాలో ప్లాస్టిక్ జగ్గు దొరుకుతుంది. అది లోపలి సీలు తీయనిది అయ్యుండాలి, రెండు జిప్ కవర్లలో వేసి బట్టల మధ్యలో పెట్టాలి. చెక్-ఇన్ బ్యాగే, క్యాబిన్‌లో 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు. బరువు గుర్తుంచుకోండి, నాలుగు క్వార్ట్‌లంటే 11 పౌండ్లు పోయినట్టే. పంచిపెట్టడానికి మేపుల్ చక్కెర పొడి తేలిక. తెరిచాక ఫ్రిజ్‌లోనే పెట్టమనండి, బయట పెడితే బూజు వస్తుంది. ప్లాస్టిక్‌లో నెలల తరబడి ఉంచితే రంగు ముదురుతుంది, ఏడాది దాచాలనుకుంటే గాజు.

ఎడిసన్_శీను
సరే, ఇలా అనుకుంటున్నా. క్యాట్స్‌కిల్స్ వైపు తారు రోడ్డు పక్కన కట్టెల పొయ్యి ఉన్నవి మూడు వెతికి పెట్టుకున్నా, ఒకదానికొకటి ఇరవై నిమిషాల దూరం. గురువారం రాత్రి మూడు రోజుల వాతావరణం చూస్తా. శనివారం పొద్దున 9కి మూడింటికీ ఫోన్ చేసి, కాస్తున్నవాళ్ల దగ్గరికి మధ్యాహ్నం మూడుకి చేరేలా బయల్దేరతాం. పులిహోర, మడత కుర్చీ, బూట్లు. మాగాయ సీసా కూడా.

నాషువా_నాగ
మూడిట్లో ఒకటైనా దొరుకుతుంది. శుక్రవారం రాత్రి 30 కంటే కిందకి రాకపోతే ఆదివారానికి మార్చేయండి.

వెర్మాంట్_వెంకట్
ఫోన్ 9కి కాదు, పదిన్నర తర్వాత చేయండి. తొమ్మిదికి చెట్లు కరిగి ఉండవు, కాస్తారో లేదో వాళ్లకే తెలీదు. ఆ టైముకి తోటలో ట్యూబులు చూసుకుంటూ ఉంటారు, ఫోన్ ఎత్తరు కూడా. పదిన్నరకి బయల్దేరే సిద్ధంగా ఉండి చేస్తే మీకు మూడు గంటల దారి సరిపోతుంది.